చూసి రండి, తర్వాత గీద్దాం

(మన పల్లె, మన బడి – 11వ భాగం)

ఏ ఊరి బడికైనా వెళ్ళండి. మూడో తరగతి పిల్లల చేతికి తెల్లకాగితం ఇచ్చి "ప్రకృతి దృశ్యం గీయండమ్మా" అనండి. పది నిమిషాల్లో ఏ బొమ్మ వస్తుందో నేను ఇక్కడ కూచుని చెప్తాను. రెండు ముక్కోణం కొండలు. మధ్యలోంచి లేస్తున్న సూర్యుడు, చుట్టూ గీతలు. కొండ సందులోంచి మెలికలు తిరుగుతూ ఒక నది. పక్కన పెంకుటిల్లు, దానికో తలుపు, రెండు కిటికీలు. ఒక కొబ్బరిచెట్టు. పైన ఇంగ్లీషు వీ ఆకారంలో నాలుగు పక్షులు.

మాది పల్నాడు జిల్లా. మా ఊళ్ళో నది లేదు. సాగర్ కాలువ మేజరు ఉంది, నీళ్ళు వదిలిన నెలల్లోనే దాంట్లో నీళ్ళు. కొబ్బరిచెట్లకంటే తుమ్మచెట్లు ఎక్కువ. పడమటి వైపు దూరంగా కొండవీడు కొండ కనపడుతుంది. అది ముక్కోణంలా ఉండదు, పడుకున్న గేదె వీపులా ఉంటుంది. మరి మా పిల్లలకి ఆ బొమ్మ ఎవరు నేర్పారు? నాకు నేర్పినవాళ్ళే. ముప్పై ఏళ్ళ కిందట నేనూ అదే గీసి 'గుడ్' అనిపించుకున్నా. ఆ బొమ్మలో మా పల్లె లేదని నాకు అప్పుడు తోచలేదు.

నేను డ్రాయింగు మాస్టర్ని కాను. సైన్‌బోర్డులు రాసి బతికినవాణ్ణి. షాపుల పేర్లు, ఎన్నికల గోడలు, మన సభలకు నినాదాలు, జెండా దిమ్మెల మీద బాబాసాహెబ్ బొమ్మ. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. పోయినేడు మా ఊరి ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు గారు పిలిచి, శనివారం పూట పిల్లలకి కొంచెం రంగులు నేర్పమన్నారు. జీతం లేదు. నేను సరే అన్నా.

ఆ బడి గురించి ఒక మాట చెప్పాలి. ఊళ్ళో పెద్ద కులాల పిల్లలు పొద్దున్నే పసుపు బస్సెక్కి టౌనుకి పోతారు. సర్కారు బడిలో మిగిలింది మన మాల మాదిగ పిల్లలు, కొంతమంది బీసీ పిల్లలు, కాలువ కట్ట మీద ఉండే యానాది పిల్లలు. మూడు, నాలుగు తరగతులు కలిపితే 23 మంది.

ఎం.ఎడ్. చదివే మన తమ్ముడొకడు నాతో అన్నాడు: "అన్నా, వారానికి ఒక్క పీరియడే గదా నీకు. సగం టైము చెప్పడానికే పోద్ది. ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ చెయ్యి." అంటే ఏందిరా అని అడిగా. 2007లో అమెరికాలో, కొలరాడో రాష్ట్రం వుడ్‌ల్యాండ్ పార్క్ హైస్కూల్లో జోనథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అని ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు, క్లాసులు తప్పిపోయే పిల్లల కోసం పాఠాలు వీడియో తీసి పెట్టడం మొదలెట్టారట. పిల్లలు పాఠం ఇంటి దగ్గర చూసి వస్తారు. ఇంటి దగ్గర చేయాల్సిన లెక్కలు, ప్రయోగాలు క్లాసులో టీచరు పక్కనుండగా చేస్తారు. హోంవర్కు బడికొస్తుంది, పాఠం ఇంటికి పోతుంది. తిరగేసిన తరగతి.

నాకు ఈ ఆలోచన ఎందుకు నచ్చిందో చెప్తాను. మన ఇళ్ళల్లో హోంవర్కు అనేది ఒక శిక్ష. రాని లెక్క దగ్గర పిల్ల ఆగిపోతే చెప్పేవాళ్ళు ఉండరు. అమ్మ మిరపకోత నుంచి వచ్చి పొయ్యి దగ్గర ఉంటుంది. ఊళ్ళో పిల్లలకి ట్యూషన్ మాస్టరు ఉంటాడు. అసలు కష్టం వచ్చేది పని చేసేటప్పుడు. ఆ కష్టం వచ్చే టైములో టీచరు పక్కన ఉండటమనేది ఎవరికన్నా ముందు మన పిల్లలకి కావాలి. కాబట్టి ఈ పద్ధతి మనదే అనుకున్నా.

ఉత్సాహంగా నా ఫోన్లో నాలుగు నిమిషాల వీడియో తీశా. కాగితాన్ని అడ్డంగా మూడు పట్టీలు చేయడం: పైన ఆకాశం, మధ్యలో దూరపు కొండ, కింద మన కాళ్ళ దగ్గరి నేల. ఆకాశం నేలను తాకే గీతే దిగంతం. పసుపు, నీలం కలిపితే ఆకుపచ్చ. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టించా. శనివారం వెళ్ళి "అందరూ చూశారా?" అన్నా. "చూశాం సార్!" అని ఒకటే అరుపు. బ్రష్షులిచ్చా. ఎవరికీ ఏమీ తెలియదు. గట్టిగా అడిగితే తేలింది: చూసింది 5 మంది. ఐదుగురి ఇళ్ళల్లోనూ ఇంటిపట్టున ఉండే ఫోనుంది.

మిగతా ఇళ్ళల్లో ఫోను అమ్మతో పాటు చేలోకి పోతుంది. రేపు ఎవరి చేను, ఎంతమంది కావాలి అని మేస్త్రి ఫోన్ చేసేది దానికే. లేదంటే అది నాన్నతో హైదరాబాద్‌లో ఉంటుంది. రాత్రికి ఇంటికొచ్చినా ఆ రోజు డేటా అయిపోయి ఉంటుంది. వాట్సాప్ లేని చిన్న ఫోను కొన్ని ఇళ్ళల్లో. 2020లో కరోనాకి బళ్ళు మూసి, టీవీల్లో ఫోన్లలో పాఠాలు పెట్టినప్పుడు మన పిల్లలు ఎట్లా రాలిపోయారో ఇదే సిరీస్‌లో రాసింది నేనే. రాసినవాణ్ణే మళ్ళీ అదే చేశా.

పిల్లలు అబద్ధం ఎందుకు చెప్పారో కూడా నాకు తెలుసు. ఐదో తరగతిలో "జామెట్రీ బాక్సు తెచ్చావా" అని అడిగితే "ఇంటికాడ మర్చిపోయా సార్" అని ఏడాదంతా చెప్పినవాణ్ణి నేను. లేదు అనడంకన్నా మర్చిపోయా అనడం తేలిక. అందుకని ఆ రోజు పిల్లల్ని ఏమీ అనలేదు. ఇంటికొచ్చి ఆలోచించా. పాఠం ఇంటికి పోవాలి, బాగానే ఉంది. అది ఫోన్లోనే పోవాలని ఎవరన్నారు? గీసేది ప్రకృతి దృశ్యం. వీడియోలో ఉన్నది దాని బొమ్మ. అసలుది పిల్లల గడప ముందే ఉంది గదా.

తర్వాతి శనివారం 23 ఖాళీ అగ్గిపెట్టెలు తీసుకుపోయా. లోపలి డబ్బా తీసేస్తే పైతొడుగు ఒక చిన్న కిటికీ. ఒక కన్ను మూసి దాంట్లోంచి చూస్తే లోకం అంత మేరకే కనపడుతుంది. ఏది బొమ్మలోకి రావాలి, ఏది వద్దు అనేది అక్కడే తేలిపోతుంది. హోంవర్కు మూడే ప్రశ్నలు. మీ గడపలో నిలబడి పొద్దున ఒకసారి, పొద్దుగూకేటప్పుడు ఒకసారి ఈ పెట్టెలోంచి చూడండి. అన్నిటికంటే దూరంగా ఏముంది, దాని రంగేంది? అన్నిటికంటే దగ్గరగా ఏముంది, దాని రంగేంది? మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి: ఇక్కడ ఇంతకుముందు ఏముండేది? గీయొద్దు. రాయొద్దు. చూసి, అడిగి, గుర్తుపెట్టుకుని రండి. గీయడం ఇక్కడ.

ఆ వారం 20 మంది చూసొచ్చారు.

"సార్, కొండ పొద్దున నీలంగా ఉంటది, మధ్యాన్నం మసకమసగ్గా ఉంటది" అంది ఒక పిల్ల. దూరం పోయేకొద్దీ రంగు పలచబడి నీలానికి తిరుగుతుందని చిత్రకారులు చెప్పే సూత్రం ఇదే. వీడియోలో నేను అరనిమిషం చెప్పి ఎవరికీ ఎక్కించలేకపోయింది. ఇంకొకడు లేచి, "సార్, మనూళ్ళో సూర్యుడు కొండలోంచి లేవడు. కొండలోకి పోతాడు. లేచేది మిరప చేలల్లోంచి" అన్నాడు. ముప్పై ఏళ్ళుగా నా బుర్రలో ఉన్న రెండు కొండల సూర్యుణ్ణి ఎనిమిదేళ్ళ పిల్లోడు ఒక్కమాటతో దింపేశాడు.

ఇక క్లాసులో నాకు చెప్పే పని లేదు. పిల్లల మధ్య తిరగడమే పని. నీళ్ళరంగుకి నోటుపుస్తకం కాగితం ఉబ్బిపోతుంది, అందుకని చార్టులు నాలుగు ముక్కలు చేసి ఇచ్చాం. ముందు ఆకాశం, ఎక్కువ నీళ్ళు, తక్కువ రంగు. అది ఆరాక కొండ. తర్వాత చేలు. ముదురు రంగులు చివర్లో. తెలుపు కావాలంటే కాగితాన్నే వదిలెయ్యాలి. ఆరకముందే రెండో రంగు పెట్టినవాడికి ఆకాశం కొండలోకి కారుతుంది. ఆ క్షణంలో పక్కనుండి "ఆగు, ఊదు, ఆరనీ" అనడానికే టీచరు కావాలి. రంగులు చాలనప్పుడు ఇటుకపొడి, బొగ్గు, పసుపు వాడాం. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా మారేసరికి పిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాత వీడియోలు కూడా వాడా, కాకపోతే ఒకరి ఇంట్లో ఒకరుగా కాదు. రాత్రి ఏడుకి మన చర్చి వరండాలో ఒక ఫోను, చుట్టూ ఆరుగురు పిల్లలు. దామెర్ల రామారావు గీసిన గోదావరి దృశ్యాలు అట్లాగే చూపించా. 1897లో రాజమండ్రిలో పుట్టి 1925లోనే పోయాడాయన. "ఈయన మన కాలువ గీసుంటే ఎట్లా ఉండేదో" అంది ఒక పిల్ల.

ఇంతవరకు చదివి ఇది సక్సెస్ స్టోరీ అనుకోవద్దు.

నాలుగో వారం బొమ్మలన్నీ వరండాలో నేలమీద పరిచాం. ఎవరి గడప ఎటుందో అటు, ఒకదాని పక్కన ఒకటి. మొత్తం కలిపితే ఊరు అవుతుందని నా ఆలోచన. అయింది. ఉత్తరాన రామాలయం, సిమెంటు రోడ్డు, బీసీ పిల్లల ఇళ్ళు. దక్షిణాన మన పల్లె, చర్చి సిలువ, అంబేద్కర్ విగ్రహం, వాటర్ ట్యాంకు. ఊరికీ పల్లెకీ మధ్య పెద్ద ఖాళీ, చెత్తకుప్పలు. ఊళ్ళో వాడిన నీళ్ళు మన పల్లె మీదుగా కాలువలోకి పోయే మురుగు. పిల్లలెవరూ కులం అనే మాట అనలేదు. బొమ్మలే అన్నాయి. నేను గర్వంగా నిలబడి, దీనిమీద మీకొక పోస్టు రాయాలని అప్పుడే మనసులో రాసుకుంటున్నా.

యానాది పిల్ల ఒకతి, మూడో తరగతి, అంచున నిలబడి ఉంది. ఆ పిల్ల వారాల తరబడి ఏమీ చెప్పేది కాదు. శ్రద్ధ లేదనుకున్నా. ఆ పిల్ల తన కాగితం తెచ్చి మా బొమ్మలన్నిటికీ అవతల, రెండు బారల దూరంలో పెట్టింది. మధ్యలో ఒట్టి నేల. "ఇంత దూరం ఎందుకమ్మా?" అన్నా. "మేం కాలువ అవతల గదా సార్. మధ్యలో ఎవురూ గీయలా" అంది.

నిజమే. 20 మంది బొమ్మల్లో కాలువ ఉంది. కాలువ కట్ట మీది యానాది గుడిసెలు ఒక్క బొమ్మలో లేవు. మన పల్లె పిల్లల బొమ్మల్లోనూ లేవు. నేను నల్లబల్ల మీద గీసి చూపించిన ఊరి పటంలోనూ కాలువ దగ్గరే గీత ఆపేశా. నా కంటికి ఊరు అక్కడితో అయిపోయింది. ఊరు మనకి చేసిందే నేను ఆ పిల్లకి చేశా. పైగా నా మూడు ప్రశ్నల్లో మొదటిది "మీ గడపలో నిలబడి". ఆ గుడిసెకి గడప లేదు.

కులం ఒక నిచ్చెన, ప్రతి మెట్టుకీ కింద ఇంకో మెట్టుంటుందని, అందుకే కింద ఉన్నవాళ్ళు కలవలేకపోతున్నారని అంబేద్కర్ పదేపదే చెప్పాడు. ఆ మాట ఎన్ని మీటింగుల్లో చెప్పానో లెక్కలేదు. కాలువ దాటి చూడటానికి మాత్రం ఒక ఎనిమిదేళ్ళ పిల్ల నేర్పాల్సొచ్చింది.

తర్వాతి వారం హోంవర్కు మార్చా. అందరూ కాలువ కట్ట మీదికి పోయి, అక్కడినుంచి ఊరిని చూసి రావాలి. ఇద్దరు తల్లులు మా ఇంటికొచ్చారు. మన పల్లెవాళ్ళే. "యానాదోళ్ళ గుడిసెల కాడికి మా పిల్లల్ని ఎందుకు పంపావు అన్నా? పాములుంటాయి" అన్నారు. పాముల గురించి కాదని వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు. ఒకామె పిల్లని పంపింది. ఒకామె పంపలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా.

జనవరి 26కి బడిలో బొమ్మలు గోడకి పెడదామన్నారు హెడ్మాస్టరు గారు. నాలుగో తరగతి పిల్లాడొకడు మూడో ప్రశ్నకి వాళ్ళ నాయనమ్మని అడిగాడు. ఆమె చెప్పింది: "మన సమాధుల దొడ్డి ఆ తుమ్మచెట్టు దాకా ఉండేదిరా. మీ తాత సమాధి అక్కడే." ఇప్పుడు తుమ్మచెట్టు దాకా మిరపచేను. పిల్లాడు పోయి చూశాడు. చూసింది గీశాడు. పండిన మిరపచేను, ఎర్రటి చుక్కలు, పైన పలచటి నీలం కొండ, ఆ ఎరుపు మధ్యలో మూడు సిలువలు. ఇరవై బొమ్మల్లో అన్నిటికంటే మంచి బొమ్మ అది. దూరం, దగ్గర, వెలుతురు అన్నీ కుదిరాయి.

జెండా ఎగరేశాక ఊరి పెద్దలు బొమ్మలు చూస్తూ వచ్చి దాని ముందు ఆగారు. ఒకాయన "ఇది ఏ చేను?" అన్నాడు. పిల్లాడు సంతోషంగా వేలెత్తి అటు చూపించాడు. ఆయన ఇంకేం మాట్లాడలేదు. మధ్యాహ్నానికి ఆ బొమ్మ గోడమీద లేదు. హెడ్మాస్టరు గారు చెడ్డాయన కాదు. "నాకు రెండేళ్ళ సర్వీసుంది బాబూ. పిల్లలకి పూలూ, కొండలూ నేర్పించు చాలు" అన్నారు నా చెయ్యి పట్టుకుని. పిల్లలతో రాజకీయాలు చేయిస్తున్నానని ఊళ్ళో మాట పుట్టింది.

పిల్లాడు నన్ను అడిగిన మాట ఇది: "సార్, సిలువలు సరిగ్గా రాలేదా?"

నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయా. "బాగా వచ్చినై నాన్నా, సరిగ్గా వచ్చినై కాబట్టే తీసేశారు" అని చెప్పటానికి నాకు రెండు రోజులు పట్టింది. వాడు ఆలోచించి, "అయితే ఇంకోటి గీస్తా" అన్నాడు.

ఆ రెండో బొమ్మ ఇప్పుడు చర్చి గోడ మీద ఉంది. నాయనమ్మా, ఇంకో పదిమంది ఆడవాళ్ళూ సమాధుల దొడ్డి కొలిపించమని అర్జీ పెట్టారు. సర్వేయరు ఇంకా రాలేదు. వచ్చినప్పుడు రాస్తాను.

ఒక ప్రకృతి దృశ్యం నుంచి ఇంత గొడవా అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల ప్రాణాలు పోయాయి. ఆ గొడవ ఎక్కడ మొదలైంది? మాదిగపల్లె మంచినీళ్ళ చెరువు గట్టున. గేదెల కుడితి బకెట్లు అందులో కడగొద్దు అన్నందుకు. బొమ్మలో చూస్తే అదీ ఒక చెరువు, గట్టు, గేదెలు, పొద్దుగూకే ఎండ. ఈ దేశంలో చెరువు ఎవరిది, దారి ఎవరిది, సమాధి జాగా ఎవరిది అనే ప్రశ్న లేని దృశ్యం ఏ ఊళ్ళోనూ లేదు. రెండు కొండల బొమ్మకి పాత గిరాకీ ఎందుకంటే అందులో ఆ ప్రశ్న ఉండదు, మనుషులే ఉండరు గనక.

మనకి బొమ్మలు కొత్త కాదు కూడా. తెలంగాణలో డక్కలివాళ్ళు పటం విప్పి మాదిగలకు జాంబపురాణం చెప్పేవాళ్ళు. ఎర్రటి నేపథ్యం మీద మన పుట్టుపూర్వోత్తరాలు బొమ్మకట్టి చూపించేవాళ్ళు. ఆ పటం చూసినవాళ్ళు తమ చోటు ఏదో తెలుసుకునేవాళ్ళు. మన పిల్లల కాగితాలు అతికిస్తే అయిన ఊరి పటం కూడా నాకు అట్లాగే కనపడింది.

చివరిగా ఒక తల్లి మాట. కూతురు గీసిన మిరపచేను బొమ్మ చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. "మా ఆయన కౌలుకి చేసిన చేనే ఇది. నా జన్మంతా అందులో వంగొనే ఉన్నా. ఇంత దూరం నుంచి ఎప్పుడూ చూళ్ళేదయ్యా. బాగానే ఉందే" అంది. నిలబడి చూడటానికి తీరిక ఉండాలి. ఆ తీరిక మనకి ఎవరూ ఇవ్వలేదు. పిల్లలకి హోంవర్కుగానైనా ఇద్దామని నా ఆశ.

మీలో చాలామంది విద్యార్థులు ఊళ్ళకి పోయినప్పుడు ట్యూషన్లు చెప్తున్నామని మెసేజ్ చేస్తున్నారు. మీకు నేను చెప్పగలిగింది ఇంతే. ఫోను ఎంతమందికి ఉందో కనుక్కోకుండా వీడియో పంపొద్దు. చూసి రమ్మనడం హోంవర్కు, చేయడం బడిలో. రంగుల డబ్బాలకంటే ముందు అగ్గిపెట్టెలు పోగెయ్యండి. మంచి బొమ్మ, చెడ్డ బొమ్మ అని మార్కులు వెయ్యొద్దు. అన్నీ నేలమీద పరిచి పిల్లలతో కలిసి చుట్టూ తిరగండి. తిరిగేటప్పుడు మీ గీత ఎక్కడ ఆగిపోయిందో చూసుకోండి. అవతల ఎవరో ఒకరు కాగితం పట్టుకుని నిలబడి ఉంటారు.

ఆ యానాది పిల్ల మూడు వారాలుగా బడికి రావట్లేదు. చేపల చెరువు కాపలాకి కుటుంబంతో పోయిందన్నారు. రేపు ఆదివారం అక్కడికి పోతున్నా, రంగుల డబ్బా తీసుకుని. ఏమైందో 12వ భాగంలో.

జై భీమ్.